తాత షెడ్డుకెళ్లిన కార్బ్యురేటర్లు

ఇంగ్లండ్‌లో మా గ్యారేజీలో 1971 నాటి ఎంజీబీ స్పోర్ట్స్ కారు ఉంది. 1962 నుంచి 1980 దాకా అబింగ్డన్‌లో ఐదు లక్షలకు పైగా తయారైన మోడల్ కాబట్టి విడిభాగాలకు లోటు లేదు. మాకు దొరికింది మాత్రం ముందు భాగం గుద్దుకుని, ఏళ్ల తరబడి వానలో నిలిచిపోయిన బండి. దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలని పట్టుబట్టింది మా అమ్మాయే.

దీనికి విడిగా ఛాసిస్ (అడుగున ఉండే ఇనప చట్రం) ఉండదు, బాడీయే బరువంతా మోస్తుంది. తలుపుల కింద పొడుగ్గా ఉండే రేకు భాగాలు, అంటే సిల్స్, తుప్పు పట్టాయంటే బండి నడుం విరిగినట్టే. పాత రేకు కోసే ముందు తలుపు సందులో ఇనప బద్దీలు అడ్డంగా వెల్డింగ్ చేసుకోవాలి. లేకపోతే బాడీ మధ్యలో కుంగిపోయి, కొత్త సిల్ వేశాక తలుపు పడదు. చలికాలమంతా దానికే పోయింది. లప్పం పెట్టి రంగేస్తే పైకి బాగానే ఉండేది, అమ్మాయి ఒప్పుకోలేదు. ఆ పట్టుదల అచ్చం మా నాన్నది.

నాన్నకు విజయనగరంలో గంటస్తంభం దగ్గర్లో అంబాసిడర్ల షెడ్డు ఉంది. అంబాసిడర్‌కు చాలా ఏళ్లు వచ్చిన 1489 సీసీ పెట్రోల్ ఇంజనూ, ఎంజీబీలోని 1798 సీసీ ఇంజనూ బి-సిరీస్ అనే ఒకే బ్రిటిష్ ఇంజన్ల కుటుంబానివి. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరస) కూడా ఒకటే, 1-3-4-2. ఈ సంగతి తెలిశాక సెలవులకు విజయనగరం వస్తానని అమ్మాయే అంది. అంతకుముందు ప్రతిసారీ బతిమాలాల్సి వచ్చేది.

తెలుగు బడికి పంపాం, సంక్రాంతికి బొమ్మలకొలువు పెట్టాం. అవేవీ వృథా అనను. కానీ చుట్టపు చూపుగా వెళ్తే తాత ఎప్పటికీ స్వీట్లు కొనిపెట్టే పెద్దాయనగానే ఉండిపోతాడు. ఆయన చేతిలో ఉన్న పని పిల్లలకు నిజంగా అవసరం పడాలి. నేను గట్టిగా నమ్మేది ఇదే. ఇంగ్లండ్‌లో పంపితే కార్బ్యురేటర్లు (గాలిలో పెట్రోలు కలిపి ఇంజనుకు అందించేవి) బాగుచేసి ఇచ్చేవాళ్లున్నా, అందుకే పంపలేదు.

రెండు ఎస్‌యు కార్బ్యురేటర్లనూ పెట్రోలు వాసన కూడా మిగలకుండా కడిగి ఆరబెట్టాం. ఇంధనం తడి ఉంటే విమానం ఎక్కనివ్వరు. విజయనగరంలో నాన్న థ్రాటిల్ స్పిండిల్ (గాలి రెక్కను తిప్పే కడ్డీ) అటూ ఇటూ కదిపి చూశారు. "ఇక్కడ గాలి లాగేస్తంది. ఐడిలింగ్ నిలబడనిది అందుకేనమ్మా" అన్నారు. మర్నాడు లేత్ షాపులో స్పిండిల్ రంధ్రాలు బోరు చేయించి కంచు బుష్షులు (తొడుగులు) వేయించారు. అమ్మాయి అక్కణ్నుంచి కదల్లేదు.

తర్వాత జెట్ సెంటరింగ్, అంటే పెట్రోలు వచ్చే సన్నని గొట్టం (జెట్) మధ్యలోకి సూది సరిగ్గా దిగేలా కుదర్చడం. పిస్టన్ కదలికను నెమ్మది చేసే డాంపర్ తీసేసి, జెట్‌ను పూర్తిగా పైకి తెచ్చి, సూది బిగించి ఉన్న పిస్టన్‌ను ఎత్తి వదలాలి. సూది ఎక్కడా రాసుకోకుండా దిగి, చివర టక్కుమనాలి.

"ఇనపడిందేటమ్మా?"

"లేదు తాతా."

"అయితే మల్లీ ఇప్పు."

అమ్మ భోజనానికి పిలిచి పిలిచి విసిగిపోయింది. నాన్న ఇంగ్లీషూ, మనవరాలి తెలుగూ రెండూ అంతంతమాత్రమే. అయినా అర్థం కానిది నన్ను అడగలేదు, ఆయన్నే అడిగింది. చెయ్యి పట్టుకుని చూపించమంది. ఆ టక్కు వినపడినప్పుడు షెడ్డులో కుర్రాళ్లు కూడా పని ఆపి చూశారు.

ఇప్పుడు ఇంజను నిలకడగా తిరుగుతోంది. ముందు మడ్‌గార్డులకు టింకరింగ్ మిగిలింది, వైరింగ్ మొత్తం మార్చాలి. ఆదివారం ఫోనులో ఇంజను చప్పుడు వినిపిస్తే, టాపెట్ గ్యాప్ (వాల్వుల దగ్గర ఉంచే సన్న సందు) సరిచూడమని నాన్న అక్కణ్నుంచే చెబుతున్నారు. షెడ్డులో ఉన్న పాత అంబాసిడర్ ఇంజను ఈసారి కలిసి దించాలని ఇద్దరూ అనుకున్నారట. జులైకి టికెట్లు చూడమని అమ్మాయి నాకు చెప్పింది.