రెండు బుడిపెల కోసం ఏటికొప్పాక

అనకాపల్లిలో ఎక్కిన తుని బస్సులో అమ్మకి సీటు దొరికింది, నాకు దొరకలేదు. ఆడవాళ్లకి ఉచిత బస్సు వచ్చాక పల్లెవెలుగులో మగవాళ్ల బతుకు ఇంతే. అమ్మ ఆధార్ కార్డు చూపించి, సున్నా టికెట్టు అందుకుని, కిటికీ పక్కన కూర్చుని గాలి పీలుస్తోంది. డబ్బులిచ్చి టికెట్టు కొన్న నేను మాత్రం రెండు గంపల మధ్య ఒక కాలు ఆనించి, రెండో కాలు ఎక్కడ పెట్టాలో తెలియక వేలాడుతున్నాను. పైగా నా చంకలో పాత తువ్వాలులో చుట్టిన చెక్క బుడిపె ఒకటి, ఉయ్యాల మీదది. కసింకోట దాటేలోపు అదేమిటని ముగ్గురు అడిగారు. కార్తీక మాసం కదా, ఒకాయన కొబ్బరికాయ అనుకుని, "ఏ గుడికి బాబూ?" అన్నాడు. విప్పి చూపించాను. ఆయన తిప్పి తిప్పి చూసి, "దీనికోసం హైదరాబాదు నుంచి వచ్చావా!" అని పక్కాయనకి అందించాడు. ఎలమంచిలి వచ్చేసరికి ఆ బుడిపె డ్రైవరు వెనక సీటు దాకా వెళ్లి, మళ్లీ నా దగ్గరికి వచ్చింది.

దీని వెనక పెద్ద కథే ఉంది. హైదరాబాదు బాచుపల్లిలో ఫ్లాట్ కొన్నాం. మా ఆవిడ పురిటికి పుట్టింటికి వెళ్లింది. పాప పుట్టింది, మూడో నెలలో ఇంటికి తీసుకురావాలి. ఆలోపు ఇల్లు తయారు చెయ్యమని నాకు పని. ఇంటీరియర్ వాళ్లని పిలిస్తే ఒక కుర్రాడు టేపు తెచ్చి గోడలన్నీ కొలిచి, ట్యాబ్‌లో రంగురంగుల బొమ్మలు చూపించి, ఏడున్నర లక్షలన్నాడు. అందులో సగం ఫాల్స్ సీలింగూ టీవీ యూనిట్టూ. అసలే ఇంటి అప్పు నెత్తిన కూర్చుంది. ఫోన్లో మా ఆవిడకి చెబితే, "పిల్ల పైకి చూస్తే ఫ్యాన్ కనిపిస్తే చాలదా?" అంది.

అప్పటినుంచి నాకు పాత సామాన్ల పిచ్చి పట్టుకుంది. ఆదివారమైతే ఎర్రగడ్డ సంత, గురువారం సెలవు దొరికితే పురానాపూల్ దగ్గర జుమ్మెరాత్ బజార్. పెడలు పోయిన కుట్టుమిషను స్టాండు కొని, పైన చెక్క వేయించి రాసుకునే బల్ల చేశాను. కేన్ చిరిగిపోయిన టేకు కుర్చీకి కొత్త అల్లిక వేయించాను. కుర్చీ పదకొండు వందలైతే అల్లికకి పదహారు వందలయింది. పాత సామానుతో ఇల్లు చవగ్గా అమర్చుకోవచ్చని ఎవరైనా అంటే నమ్మకండి. కొన్నది చవకే. తర్వాత దాన్ని మనిషిని చెయ్యడానికి అయ్యేదే అసలు ఖర్చు.

ఉయ్యాల కూడా జుమ్మెరాత్ బజార్‌లోనే దొరికింది. స్టాండు ఉయ్యాల, అసలు టేకు. నాలుగు కోళ్లూ, అంటే నిలువు కాళ్లూ, తరిణె మిషను మీద తిప్పి చెక్కినవి, ఎక్కడా పురుగు లేదు. అడ్డంగా ఒక కడ్డీ, దానికి లక్క రంగు వేసిన రింగులు. పాప చేత్తో తోస్తే టకటకా కొట్టుకుంటాయి. పన్నెండు ఉండాల్సిన చోట ఏడే ఉన్నాయి. కోళ్ల మీద నాలుగు బుడిపెలకి రెండే మిగిలాయి. ఆరువేలు చెప్పినవాడు మూడున్నర వేలకి దిగాడు. ఇంటికి చేర్చడానికి ట్రాలీ ఆటోవాడు మాత్రం తొమ్మిది వందల దగ్గర్నుంచి ఒక్క రూపాయి దిగలేదు.

గర్వంగా ఫోటో తీసి అమ్మకి పంపాను. వెంటనే ఫోన్ మోగింది.

"ఎవరిదిరా ఇది?"

"ఇప్పుడు మనదే."

"అంతకుముందు ఎవరిదీ అంటున్నాను. ఎవరి పిల్ల ఊగిందో, ఆ పిల్లకి ఏమయిందో, ఎందుకు అమ్ముకున్నారో. బజార్లో దొరికిన ఉయ్యాల్లో నా మనవరాల్ని వేస్తావా?"

నా దగ్గరా జవాబుంది. పురిటి బిడ్డకి మనం మొదట తొడిగేదే పాతబట్ట. ఇంకో పిల్లాడు తొడిగి విడిచింది అడిగి మరీ తెచ్చి వేస్తాం, పక్కకి అమ్మమ్మ చీర ముక్క పరుస్తాం. బట్టకి లేని దోషం చెక్కకి ఎక్కడినుంచి వచ్చింది? అమ్మ ఒక క్షణం ఆగింది. "బట్ట ఎవరిదో తెలుసు కదరా" అంది. దానికి నేనేమీ చెప్పలేకపోయాను.

"అయినా నేను ఏ ఉయ్యాల్లో ఊగాను?" అని అడిగాను.

"నీకు ఉయ్యాలేటి? నా చీర దూలానికి కట్టాను. అందులోనే ముక్కుతూ మూలుగుతూ పడుండేవాడివి."

బాచుపల్లి ఫ్లాట్లో దూలాలు లేవు. శ్లాబుకి ఫ్యాను కొక్కెం ఒక్కటే ఉంది.

మొత్తానికి, పోయిన బుడిపెలూ రింగులూ లక్కబొమ్మల ఊరు ఏటికొప్పాకలో చేయించుకుందామని సెలవు పెట్టి ఊరికి వచ్చాను. అనకాపల్లిలో రెండు రోజులు బంధువులతో, టిఫిన్లతో గడిచిపోయాయి, వాటి గురించి చెప్పడానికేమీ లేదు. మూడోరోజు పొద్దున్నే, "ఏటికొప్పాక ఎంత దూరం, నేనూ వస్తాను" అని అమ్మే బయల్దేరింది. ఉయ్యాల మీద ప్రేమతో కాదు, నేను ఎక్కువ డబ్బులు ఇచ్చేస్తానని భయం.

అడ్డరోడ్డులో దిగి ఆటో మాట్లాడుకున్నాం. ఇటువైపు ఎస్.రాయవరం గురజాడ పుట్టిన ఊరు కదా, చూసి వెళ్దామా అన్నాను. "ఆయన ఉన్నాడేటి ఇప్పుడు?" అంది అమ్మ. ఆటో తిన్నగా ఏటికొప్పాక వెళ్లింది.

చిన్నప్పుడు ఇంట్లో కుంకుమ భరిణె, బొంగరాలు, లక్కపిడతలు అన్నీ ఇక్కడివే. అప్పుడు వాటికి పేరూ లేదు, విలువా తెలియదు. బొంగరం పగిలితే పొయ్యిలో పెట్టేవాళ్లం. ఇప్పుడు 2017లో వచ్చిన జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు ఉంది. 2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఊరేగినవీ ఈ బొమ్మలే. రసాయన రంగులు వదిలి మళ్లీ ఆకులూ గింజల రంగులకి ఈ పనిని మళ్లించిన ఈ ఊరి సి.వి.రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఇదంతా ఆటోలో అమ్మకి చెప్పాను. "అయితే రేట్లు పెంచేసుంటారు" అంది.

మొదటి దుకాణంలో బుడిపె చూసి నవ్వారు. "మాకు ఆర్డర్లున్నాయండి, ఒక్కటీ రెండూ చెయ్యం." రెండో చోట భరిణెలూ దేవుడి బొమ్మలూ చూపించారు కానీ బుడిపె ముట్టుకోలేదు. ఒళ్లు మండింది. ఇంత దూరం వస్తే ఇదేనా అనుకుని వెనక్కి తిరుగుతుంటే, ఒక ఇంటి వసారాలో మిషను మీద పని చేస్తున్న పెద్దాయన తలెత్తకుండానే, "ఏదీ, ఇలా తెండి" అన్నాడు.

కళ్లజోడు పైకి జరిపి బుడిపెని వేళ్లతో తడిమాడు. అడుగున చూశాడు. అక్కడే నా తప్పు దొరికిపోయింది. నమూనాకని కోడు మీదనుంచి బుడిపె తిప్పి తీస్తుంటే మెడ దగ్గర పుటుక్కున విరిగింది. కాడ కోడులోనే ఉండిపోయింది. అంటే రెండు బుడిపెలు కావాల్సినవాడికి ఇప్పుడు మూడు కావాలి. పైగా కాడ ఎంత లావో కొలత లేదు.

"కన్నం ఎంతుంది?"

"అంగుళం ఉంటుందండి."

"ఎవరి అంగుళం బాబూ?"

హైదరాబాదులో ఫ్లాట్ తాళం పక్కింటివాళ్ల దగ్గరుంది. ఫోన్ చేసి బతిమాలితే, వాళ్లబ్బాయి స్కూలు స్కేలు పట్టుకెళ్లి కొలిచి, "రెండూ పాయింట్ మూడు" అన్నాడు. అంగుళాలా సెంటీమీటర్లా అని అడిగేలోపు ఫోన్ కట్ చేశాడు. పెద్దాయన వినీ విననట్టుగా, "కాడ కాస్త లావుగానే ఉంచుతాను. ఇంటికెళ్లి ఉప్పుకాగితంతో రుద్దుకుంటూ దించుకోండి. లావుంటే తగ్గించొచ్చు, సన్నమైతే ఏం చేస్తాం?" అన్నాడు.

బేరం అమ్మ చేసింది. ఆయన మూడు బుడిపెలకీ ఐదు రింగులకీ కలిపి పద్నాలుగు వందలు చెప్పాడు. అమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "గుప్పెడు చెక్కకి పద్నాలుగొందలా!"

ఆయన కోప్పడలేదు. "చెక్కకి కాదమ్మా. భరిణెలైతే చెయ్యి అలవాటైపోయి ఉంటుంది, కళ్లు మూసుకుని తీస్తాను. ఇది మీ బుడిపెకి తోడు రావాలి కదా. ఒకటి చూసుకుంటూ ఇంకోటి చెయ్యాలి. ఈ పూట నాకు వేరే పనేం కాదు" అన్నాడు. అమ్మ వెయ్యి అంది. ఆయన పన్నెండు వందలన్నాడు. ఇద్దరూ నా వైపు చూశారు, నేను తలూపాను. ఊపకుండా ఉంటే పదకొండొందలకి వచ్చేదని అమ్మ ఇప్పటికీ అంటుంది.

ఇక అక్కడ కూర్చున్న మూడు గంటలే నా యాత్ర అనుకోండి.

అంకుడు కర్ర ముక్క తీశాడు. తెల్లగా, దంతంలా ఉంది. కొమ్మ కొట్టినా చెట్టు మళ్లీ చిగురిస్తుందట, అందుకే ఈ పనికి అంకుడే. కాకపోతే దగ్గర్లో దొరకడం లేదన్నాడు. ముక్కని మిషనుకి బిగించి మీట నొక్కాడు. ఇదివరకు తాడు లాగడానికి ఇంకో మనిషి కూర్చోవాల్సి వచ్చేదట, ఇప్పుడు కరెంటు. ఉలి ఆనించగానే కర్ర నుంచి పొట్టు రిబ్బనులా లేచి అమ్మ ఒళ్లో పడింది. మధ్యమధ్య మిషను ఆపి, మా పాత బుడిపెని పక్కన పెట్టి, ఒక కన్ను మూసి చూసి, మళ్లీ తిప్పుతున్నాడు. కొలబద్ద ముట్టుకోలేదు.

తర్వాత లక్క. రంగు కలిపిన లక్క కడ్డీలు పక్కన వరసగా ఉన్నాయి. వాటిని వేడి చేసి లాగి, మడిచి, మళ్లీ లాగి కలుపుతారని చెబుతుంటే అమ్మకి హుషారొచ్చింది. "జీళ్లపాకం లాగినట్టు!" అంది. తీర్థాల్లో జీళ్లు లాగేవాణ్ణి చూడందే ఆమె చిన్నప్పుడు కదిలేది కాదట. పసుపు రంగు పసుపుతోనే, నారింజ జాఫ్రా గింజలతో, నీలం నీలిమందుతో. గిరగిరా తిరుగుతున్న చెక్కకి లక్క కడ్డీ ఆనిస్తే, ఆ రాపిడి వేడికి కరిగి రంగు దానంతట అదే పాకింది. కుంచె లేదు, డబ్బా లేదు. చివర్న ఎండిన మొగలి ఆకు మడిచి అదిమి పట్టాడు. మసకగా ఉన్న రంగు ఒక్కసారి నూనె రాసిన ముఖంలా మెరిసింది.

రంగు దగ్గర నాకూ అమ్మకీ తగాదా. పాత బుడిపె ఎరుపు, అది కూడా వెలిసిపోయి ఇటుకరంగులోకి వచ్చేసింది. అదే వెలిసిన ఎరుపు కావాలన్నాను, అన్నీ ఒకేలా ఉండాలి కదా. పెద్దాయన నవ్వి, "కొత్తదాన్ని పాతగా చెయ్యడం నాకు రాదు బాబూ. అది మీ పాప చెయ్యాలి" అన్నాడు. అమ్మ అప్పటికే పసుపు కడ్డీ చేతిలోకి తీసుకుంది. "పసుపు వెయ్యండి. మూడూ పసుపే. శుభ్రంగా ఉంటుంది." ఆమె ఉద్దేశం నాకు అర్థమైంది. ఉయ్యాలని పసుపునీళ్లతో కడగలేకపోయినా, బుడిపెలకైనా పసుపు పూయించేసింది.

వచ్చేటప్పుడు పక్క దుకాణంలో అమ్మ తనకోసం ఒక భరిణె కొనుక్కుంది. ఇలాంటిదే పోయిన ఏడాది హైదరాబాదులో ఎగ్జిబిషన్‌లో దాదాపు రెట్టింపు పెట్టి కొన్నానని చెప్పకుండా నోరు మూసుకున్నాను.

మర్నాడు సాయంత్రం అమ్మతో కలిసి అనకాపల్లిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. మనవరాలు వచ్చేలోపు ఇల్లు చూస్తానని బయల్దేరింది. సంచిలో బెల్లం దిమ్మ, తన పాత చీరలతో కుట్టిన బొంత, పైన కాగితంలో చుట్టిన మూడు పసుపు బుడిపెలు. రైలు కదలగానే కాగితం విప్పి ఒక్కొక్కటీ తీసి కొంగుతో తుడుస్తోంది. ఎదురు బెర్తు ఆవిడ ముందుకు వంగి చూసింది.

"బాగున్నాయండీ. ఎక్కడ కొన్నారు?"

"కొన్నవి కాదమ్మా, మా ఉయ్యాలవి" అంది అమ్మ. "మా ఇంట్లో టేకు ఉయ్యాల ఉంది, మా అత్తగారి కాలంనాటిది. మావాడు కూడా అందులోనే పెరిగాడు. బుడిపెలు పోతే చేయించుకొస్తున్నాం."

నేను అమ్మ ముఖంలోకి చూశాను. అమ్మ నావైపు చూడలేదు. చెప్పులు విప్పి పై బెర్తు ఎక్కి పడుకున్నాను. కింద కథ నడుస్తూనే ఉంది. తుని దాటేసరికి మా అత్తయ్యలూ బాబాయిలూ అందరూ ఆ ఉయ్యాల్లో ఊగేశారు. సామర్లకోట వచ్చేసరికి ఆ టేకు రంగూన్ నుంచి ఓడలో వచ్చింది.