టేపుతో కొలిచిన వాపు

మంగళవారం, రాత్రి పదిన్నర.

ఎడమ కాలు రెండు దిండ్ల మీద పెట్టుకుని రాస్తున్నాను. పాదం మీద నీలం బాల్‌పెన్ను గీతలు మూడున్నాయి. ఒకటి పొద్దున ఆరింటిది, ఒకటి మధ్యాహ్నం పన్నెండింటిది, ఒకటి ఇందాక తొమ్మిదింటికి గీసింది. మొదటి గీతకీ రెండో గీతకీ మధ్య బొటనవేలు వెడల్పున ఎడం ఉంది. రెండోదానికీ మూడోదానికీ మధ్య గోరంత కూడా లేదు. అంటే వాపు ఇక పాకడం ఆగింది.

నిన్న కార్తీక సోమవారం. అత్తయ్యగారూ నేనూ మా భీమవరం గునుపూడిలో ఉన్న సోమేశ్వరస్వామి గుడికి వెళ్ళాం. పౌర్ణమి దగ్గర పడేకొద్దీ అక్కడి శివలింగం తెల్లబడుతూ ఉంటుందని పేరు, చూడాలని ఆవిడకి ఆశ. దర్శనం అయ్యాక కోనేటి మెట్ల మీద కూర్చుని మూడువందల అరవై అయిదు వత్తులు వెలిగించేసరికి బాగా చీకటి పడింది. చెప్పులు బయటే విడిచాం. పక్కన నీళ్ళు, సన్నటి గాలి. నెయ్యి చాలక వత్తి సరిగ్గా అంటుకోలేదు, అరచెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. అప్పుడే పాదం మీద దోమ చురుక్కుమనిపించింది. చెయ్యి తీస్తే దీపం కొండెక్కుతుంది. తియ్యలేదు.

ఇంటికొచ్చేసరికి రూపాయి బిళ్ళంత దద్దురు. పడుకునేసరికి అరచేతి మేర ఎర్రబడి, ముట్టుకుంటే అన్నం గిన్నె మూతలా వేడి. ఇంకెవరికైనా అయితే ఆ దద్దురు గంటలో మాయమైపోతుంది. నాకు అక్కడితో మొదలు. పొద్దున లేచేసరికి పాదం మొత్తం వాచిపోయి వేళ్ళ మధ్య సందు లేదు, చీలమండ ఎముక కనపడలేదు. చెప్పు పట్టలేదు. కుట్టిన చోట చిన్న నీటిబొబ్బ కూడా లేచింది.

మెడలో టేపు ఎలాగూ ఉంటుంది కదా, కొలిచాను. కుడి పాదం మధ్యలో 9 అంగుళాలు. ఎడమది 10½. నా ఆర్డర్ల పుస్తకంలో, జాకెట్టు కొలతల కింద, చివరి పేజీలో రాసిపెట్టుకుంటున్నాను ఇలా ఏడాదిగా. తారీఖు, ఎక్కడ కుట్టింది, ఎన్ని గంటలకి ఎంత, ఎన్నాళ్ళకి తగ్గింది. ఇలా రాయమని చెప్పింది చర్మం డాక్టరమ్మ. అంతకుముందు ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళేదాన్ని. ఎర్రగా వేడిగా ఉంది, చీము పడుతుందేమో అని ప్రతిసారీ అయిదు రోజులు యాంటీబయాటిక్ ఇంజక్షన్లు పొడిచేవారు. అయిదు రోజులకి ఎలాగూ తగ్గేది, ఇంజక్షన్ల వల్లే తగ్గిందనుకునేదాన్ని. డాక్టరమ్మ అడిగింది రెండే ప్రశ్నలు. కుట్టాక ఎంతసేపటికి వాచింది, దురద ఎక్కువా నొప్పి ఎక్కువా? కుట్టిన కొద్ది గంటల్లోనే వాచి, ప్రాణం పోయేంత దురద ఉంటే అది అలర్జీ. రెండు మూడు రోజులు గడిచాక నొప్పి మొదలై, ఎరుపు గీత దాటి పాకుతూ, చలిజ్వరం, చీము వస్తే అప్పుడది సూక్ష్మక్రిముల పని, అప్పుడు యాంటీబయాటిక్. అందుకే ఈ గీతలు. ఇంకో మాట కూడా గట్టిగా చెప్పింది. పెదవులు, నాలుక వాచినా, ఊపిరి అందకపోయినా, ఒళ్ళంతా దద్దుర్లు లేచి కళ్ళు తిరిగినా ఇంట్లో కూర్చుని గీతలు గీసుకోకూడదు, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. దోమకాటుతో అలా రావడం చాలా అరుదట, కానీ తెలిసుండాలి.

ఈ పెద్ద వాపుకి ఒక పేరు కూడా ఉంది. స్కీటర్ సిండ్రోమ్. దోమని అమెరికా వైపు ముద్దుగా స్కీటర్ అంటారట. 1999లో కెనడాలో పిల్లలని పరీక్షించిన డాక్టర్లు పెట్టిన పేరు. పేరు విన్నరోజు నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. చిన్నప్పటినుంచి నేను విన్నవి వేరే పేర్లు. "దీనిది తియ్యటి రక్తం, అందుకే దోమలన్నీ దీని మీదే వాల్తాయి." "రక్తం చెడిపోయింది." "ఊరికే గోక్కుని గోక్కుని తెచ్చుకుంది." అమ్మ సున్నం రాసేది, ఒకసారి చర్మం కాలి మచ్చ పడింది, మోచేతి దగ్గర ఇప్పటికీ ఉంది. అమ్మని అనడం లేదు. ఆవిడకి తెలిసిన మందు అది.

అసలు సంగతి నాకు బోధపరిచింది మా అమ్మాయి. గుంటూరులో బీఫార్మసీ మూడో సంవత్సరం. పోయిన వేసవి సెలవుల్లో నా మెషిను పక్కన కూర్చుని హుక్కులు కుడుతూ చెప్పింది.

దోమ కుట్టేటప్పుడు మన రక్తం గడ్డకట్టకుండా తన ఉమ్మి కాస్త లోపలికి వదులుతుందట. ఆడదోమే కుడుతుంది, గుడ్లకోసం. ఆ ఉమ్మిలోని మాంసకృత్తులని నా ఒళ్ళు పరాయిదని గుర్తుపెట్టుకుని, వాటిని పట్టుకోవడానికి ఒకరకం ప్రతిరక్షకాలు తయారుచేసి పెట్టుకుంది. అవి చర్మం కింద మాస్ట్ కణాలని ఉంటాయి, వాటి మీద కాపలా కూర్చుంటాయి. "అమ్మా, ఆ కణం నీ హుక్కుల డబ్బా అనుకో. లోపల హిస్టమిన్ కుక్కి కుక్కి ఉంటుంది. దోమ ఉమ్మి తగలగానే డబ్బా బోర్లా పడుతుంది." పడిన హిస్టమిన్ వెళ్ళి రక్తనాళాల మీదున్న కాజాల్లో తగులుకుంటుంది. నాళం వెడల్పవుతుంది, అందుకే ఎరుపు, వేడి. గోడల్లో సందులు పడి నీరు బయటికి ఊరుతుంది, అదే వాపు. నరాల కొసలకి తగులుకుంటే దురద.

నేను కత్తెర పక్కన పెట్టేసి అడిగాను. "అయితే విషం దోమది కాదా?"

"కాదమ్మా. హిస్టమిన్ నీదే. నీ ఒంట్లోనే తయారవుతుంది. పుట్టినప్పటినుంచీ నీ దగ్గరే ఉంది."

ఆ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నలభై మూడేళ్ళు వచ్చాయి, ఇన్నాళ్ళూ ఆ వాపు బయటినుంచి నా మీదికి వచ్చిందనుకున్నాను. ఆ మాస్ట్ కణాలని గుర్తించి పేరు పెట్టింది పాల్ ఎర్లిక్ అనే జర్మన్ ఆయన, 1878లో, ఇంకా చదువుకునే రోజుల్లోనే. బట్టలకి అద్దే రంగుల్లాంటివి కణాలకి పట్టించి చూశాడట. రంగుకి ఆ కణాల్లోని గింజలు ముదురుగా తేలాయి. తెల్ల లైనింగు గుడ్డకి రంగు వేసినప్పుడు ఒక్కో దారం ఒక్కోలా రంగు పీల్చడం నేను రోజూ చూసేదే, అందుకని ఆ సంగతి నాకు మనసులో నిలిచిపోయింది.

అలర్జీ మాత్ర ఏం చేస్తుందంటే, హుక్కు కంటే ముందు వెళ్ళి కాజాలో కూర్చుంటుంది. కింద చెల్లాచెదురైన హుక్కులని ఏరదు, అప్పటికే తగులుకున్నవాటిని ఊడదీయదు. అందుకే కుట్టాక వేసుకున్న సెట్రిజిన్ కంటే, దోమలున్న చోటికి వెళ్ళబోయే ముందు వేసుకున్నది బాగా పనిచేస్తుంది. నాకు డాక్టరమ్మ అలాగే రాసిచ్చింది. నిన్న వేసుకోలేదు. ఉపవాసం. నక్షత్రం చూసేదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు, మాత్ర మింగితే ఉపవాసం పోతుందని మనసులో పెట్టుకున్నాను. వచ్చే సోమవారం మింగే వెళ్తాను. స్వామి ఏమీ అనుకోడు.

మాత్రతో దురద పూర్తిగా పోదు కూడా. మొదటి దద్దురు చాలామటుకు హిస్టమిన్‌ది. రెండో రోజు పెరిగే ఈ గట్టి వాపులో తెల్లకణాలు అక్కడ గుమిగూడి చేసే పని కూడా ఉంది. దానికి చల్లటి తడిగుడ్డ, కాలు ఎత్తి పెట్టడం, డాక్టరు ఇచ్చిన పూత నాలుగు రోజులు. మందుల షాపులో అడగ్గానే ఇచ్చే స్టెరాయిడ్ ట్యూబు తెచ్చి నెలలు నెలలు రాసుకుని చర్మం పల్చబడిపోయినవాళ్ళని మా వీధిలోనే చూశాను. ఆ ట్యూబుల జోలికి వెళ్ళొద్దని నా దగ్గరికి వచ్చే ప్రతి ఆడమనిషికీ చెబుతున్నాను.

పాతకాలం అలర్జీ మాత్రలకి అంత నిద్ర ఎందుకొస్తుందో కూడా అప్పుడే తెలిసింది. మెదడులో మనల్ని మెలకువగా ఉంచేది కూడా ఈ హిస్టమినేనట! ఆ మాత్రలు అక్కడిదాకా వెళ్ళి దాన్ని కూడా అడ్డుకుంటాయి. చిన్నప్పుడు మాత్ర వేసుకున్న మర్నాడు క్లాసులో తూగితే బద్ధకస్తురాలినని మాస్టారు నిలబెట్టేవారు.

పొద్దున పని సంగతి. ఏకాదశి దాటాక వరసగా ముహూర్తాలున్నాయి, పెళ్ళి జాకెట్లు పదకొండు చేతిలో ఉన్నాయి. మెషిను పెడలు కుడికాలితో తొక్కి రెండు పూర్తిచేశాను. పికో వేరేవాళ్ళకి ఇచ్చేశాను. అంతే.

అసలు రాయాలనుకున్నది అత్తయ్యగారి గురించి.

పొద్దున నేను పాదం కొలుస్తుంటే గుమ్మంలో నిలబడిపోయారు. కాఫీ గ్లాసు చేతిలో అలాగే ఉంది. ఏమీ అనలేదు. చీర కుచ్చిళ్ళు కిందికి లాక్కున్నారు. ఆవిడకి కుడికాలు బోదకాలు. పాతికేళ్ళ వయసులో చలిజ్వరం వచ్చి, గజ్జల్లో బిళ్ళ కట్టి, కాలు వాచింది. తగ్గింది. మళ్ళీ వచ్చింది. తగ్గింది. అలా వచ్చిపోతూ, ఒకసారి వచ్చి ఇక పోలేదు. ఇప్పుడు డెబ్భై నాలుగేళ్ళు. ఇరవై ఏళ్ళుగా ఆవిడ లంగాలు నేనే కుడుతున్నాను. నడుముకి కొలత ఇస్తారు, పొడవుకి మాత్రం పాత లంగా ఇస్తారు. కిందకి టేపు పట్టనివ్వరు.

మధ్యాహ్నం అన్నం దగ్గర మెల్లగా అన్నారు. "అమ్మాయ్, నాకూ పాదం దగ్గరే మొదలైంది."

అమ్మాయికి ఫోన్ కలిపి చేతికిచ్చాను. స్పీకరులో నాకూ వినపడుతోంది. "నానమ్మా, ఇది అది కాదు. అమ్మ కాలిలో ఉన్నది నాళంలోంచి ఊరిన నీరు. నాలుగైదు రోజుల్లో అదే పోతుంది. నీ కాల్లో నీరు పోయే దారుల్లో పురుగులు కాపురం పెట్టి ఆ దారులనే పాడుచేశాయి. అందుకు ఒక్క కాటు చాలదు, నెలలూ ఏళ్ళూ దోమలు కుడుతూ ఉండాలి."

"దోమ ఒకటేనా?"

"మురుగునీళ్ళలో పెరిగే క్యూలెక్సే నానమ్మా. అమ్మని నిన్న కుట్టింది కూడా అదే అయ్యుంటుంది."

అత్తయ్యగారు కాసేపు ఆగి, "మరి ఆ బిళ్ళలు అమ్మ వేసుకుందా?" అన్నారు. ఫైలేరియా బిళ్ళలు పంచడానికి ఆరోగ్య సిబ్బంది వచ్చినప్పుడల్లా వీధిలో అందరికంటే ముందు ఆవిడే నిలబడి మింగుతారు, మా అందరిచేతా దగ్గరుండి మింగిస్తారు. వాళ్ళు రాత్రిపూట వచ్చి వేలికొసన రక్తం తీసుకెళ్ళిన రోజుల్లో కూడా విసుక్కోలేదు. ఆ పురుగు పిల్లలు రాత్రిపూటే రక్తంలో పైకి తిరుగుతాయి కాబట్టి రాత్రే రావాలని ఆవిడకి మా అందరికంటే ముందు తెలుసు. ఆ బిళ్ళలతో తన కాలు తగ్గదనీ తెలుసు. "నా ఒంట్లోంచి దోమకీ, దోమలోంచి మనవరాలికీ పోకూడదు కదా" అంటారు.

అమ్మాయి ఒక మాట చెప్పింది. ఆ బిళ్ళల్లోని డీఈసీ మందు 1947లో అమెరికాలో లెడర్లీ కంపెనీలో బయటికొచ్చిందట, అక్కడ పరిశోధన నడిపించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పుట్టింది మన భీమవరంలోనేనట, 1895లో. అత్తయ్యగారు ఫోనువైపు చూస్తూ, "ఈ ఊరబ్బాయా!" అన్నారు. ఇంకేమీ అనలేదు గానీ చాలాసేపు ఆ మాటే పట్టుకుని కూర్చున్నారు.

సాయంత్రం అయిదింటికల్లా తలుపులూ కిటికీలూ వేసేశాం. ఆయన వచ్చి కాలు చూసి, "నన్నెందుకో దోమలు కుట్టనే కుట్టవు" అన్నారు, ఎప్పుడూ అనే మాటే. కుడతాయి. చిన్నప్పటినుంచి చేలగట్ల మీద కుట్టించుకుని కుట్టించుకుని ఆయన ఒళ్ళు వాటి ఉమ్మికి అలవాటు పడిపోయింది, దద్దురు రాదు. చాలామందికి వయసుతో అలా సర్దుకుంటుందట. నా ఒళ్ళు ఇంకా సర్దుకోలేదు.

ఎనిమిదింటికి అత్తయ్యగారు రోజూ చేసే పని చేసుకున్నారు. గోరువెచ్చని నీళ్ళు, సబ్బు, మెత్తటి పాత చీర ముక్క. మడతల్లో, వేళ్ళ సందుల్లో తడి లేకుండా అద్దుకోవాలి, లేకపోతే పుండు పడుతుంది, పుండు పడితే మళ్ళీ జ్వరం. ఎప్పుడూ పెరటి తలుపు వేసుకుని చేసుకుంటారు. ఇవాళ నా మంచం దగ్గరికే బేసిన్ తెచ్చుకున్నారు. అద్దుకోవడం అయ్యాక నా పక్కన ఒరిగి, నా దిండ్లలో ఒకటి లాక్కుని దాని మీద కాలు పెట్టుకున్నారు.

తొమ్మిదింటికి నేను గీత గీసుకుని, పాదం కొలుచుకున్నాను. 10½ దగ్గరే ఉంది.

టేపు మెడలో వేసుకోబోతుంటే, "ఏదీ, నాది కూడా చూడు" అన్నారు.

కుచ్చిళ్ళు ఆవిడే పైకి తీశారు. చీలమండ పైన టేపు రెండు చేతులతో చుట్టాను, గట్టిగా లాగకుండా, పట్టుజాకెట్టుకి ఛాతీ కొలత తీసినట్టు ఒక వేలు లోపల ఉంచి. ఆవిడ చూరువైపు చూస్తున్నారు. ఆర్డర్ల పుస్తకంలో నా అంకె కింద ఆవిడ అంకె రాశాను. 16.