అత్తయ్య ముత్తాత పేరులో ‘ఓ’

మా అత్తయ్యవాళ్లది అమెరికాలోని మిన్నెసోటా, మూర్‌హెడ్ దగ్గర. ఆవిడ ముత్తాత సమాధి మీద ‘అండర్స్ ఓ. హౌగెన్’ అన్న పేరు, 1836లో ఒక తేదీ, కింద ‘నార్వే’. అంతే. ఆ ‘ఓ’ ఏమిటో ఇంట్లో ఎవరికీ తెలియదు. అత్తయ్యకి ఈ ఏడాదితో ఎనభై నిండుతాయి. “ఏ ఊరి నుంచి వచ్చామో ఒక్కసారి తెలిస్తే బాగుండు” అని ఆవిడ అన్న మాట నన్ను వదల్లేదు.

ముందు హౌగెన్ అని కొట్టి వెతికాను. లెక్కలేనంత మంది వచ్చారు. హౌగెన్ అంటే దిబ్బ. నార్వేలో దిబ్బ మీదున్న పొలం ఎక్కడుంటే అక్కడ ఆ పేరే. మన ఇంటిపేర్లూ చాలావరకు ఊళ్ల పేర్లేగానీ, ఊరు వదిలినా అవి మనతోనే వస్తాయి. అక్కడ పొలం మారితే ఆ పేరూ మారిపోయేది. మారనిది తండ్రి పేరు. ఓలే కొడుకైతే ఓల్సెన్, కూతురైతే ఓల్స్‌డాటర్. అందరికీ స్థిరమైన ఇంటిపేరు ఉండాలని చట్టం వచ్చింది 1923లోనే.

ఊరి పేరు మాత్రం మిన్నెసోటాలోనే దొరికింది. పాత లూథరన్ చర్చి సభ్యుల పుస్తకంలో ఆయన పేరుకి ఎదురుగా ‘వీక్, సోగ్న్’ అని ఉంది, అంటే నార్వేలోని సోగ్న్ ప్రాంతంలో వీక్ అనే ఊరు. వీక్‌లో ఉన్న హోప్పర్‌స్టాడ్ చెక్క చర్చికి అచ్చంగా నకలు మూర్‌హెడ్‌లో కట్టారు. నా పెళ్లయిన కొత్తలో అత్తయ్య నన్ను తీసుకెళ్లి చూపించారు. అది తన ముత్తాత ఊరి చర్చి అని అప్పటికి ఆవిడకే తెలియదు.

నార్వే జాతీయ ఆర్కైవ్స్ వాళ్లు పాత చర్చి రిజిస్టర్లను స్కాన్ చేసి డిజిటలార్కివెట్ అన్న వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టారు. అంతా గోథిక్ చేతిరాత. అందులో ‘ఈ’ అక్షరం ‘ఎన్’లా కనిపిస్తుంది. వారం రోజులు ఆ అక్షరాలను కాగితం మీద దిద్దుకున్నాక గానీ ఒక్క పేరు కూడా చదవలేకపోయాను.

చివరి నుంచి వెనక్కి వెళ్లాను. 1861లో ఊరు వదిలినవాళ్ల జాబితాలో దొరికాడు: అండర్స్ ఓల్సెన్ హౌగెన్, 25 ఏళ్లు, వెళ్లేది అమెరికా. ఆ రోజుల్లో నార్వే ఓడలు మనుషులను క్యుబెక్‌లో దించి, తిరుగు ప్రయాణంలో కలప నింపుకొచ్చేవి. తర్వాత 1851 కన్ఫర్మేషన్ పేజీ. కన్ఫర్మేషన్ అంటే పసితనంలో బాప్తిస్మం పొందిన పిల్లలు కాస్త పెద్దయ్యాక తమ విశ్వాసాన్ని చర్చిలో తామే ప్రకటించే వేడుక. తల్లిదండ్రులు, పుట్టిన తేదీ, చదువు, నడత ఎలా ఉన్నాయో పాస్టర్ రాసిన మాట, మశూచి టీకా వేయించిన తేదీ, అన్నీ ఒకే వరుసలో ఉన్నాయి. హౌగెన్ మాత్రం లేదు, ఇంకేదో పొలం పేరుంది. తండ్రికి సొంత భూమి లేదు, ఎవరి పొలంలో పనిచేస్తే అక్కడే కాపురం. సమాధి మీది తేదీ కలవబట్టి సరిపోయింది. లేకపోతే వేరే మనిషి అనుకుని పేజీ తిప్పేసేదాన్ని.

1836 బాప్తిస్మం పేజీలో తండ్రి ఓలే అండర్సెన్, తల్లి బ్రీతా. ఆ తల్లి పేరు మిన్నెసోటాలో మేం చూసిన ఏ కాగితంలోనూ లేదు.

అక్కడితో ఆపేదాన్నే, కానీ మిగతా పిల్లల కోసం ముందు పేజీలు తిప్పాను. 1834లో అదే తల్లి, అదే తండ్రి, బిడ్డ పేరు అండర్స్. తప్పు చదివానేమోనని మళ్లీ మళ్లీ చూశాను. చివరికి ఖననాల పేజీలో కనిపించాడు: అండర్స్, మూడు వారాలు. పెద్ద కొడుక్కి నాన్న తండ్రి పేరు పెట్టడం వాళ్ల ఆనవాయితీ. ఆ బిడ్డ పోతే తర్వాత పుట్టినవాడికి అదే పేరు. మా నాన్నకీ వాళ్ల తాతగారి పేరే. అందుకే నాకు ఇది ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

ఆ రాత్రే అత్తయ్యకి ఫోన్ చేశాను. బ్రీతా అన్న పేరు నాతో మూడుసార్లు పలికించుకుని రాసుకున్నారు. కాసేపాగి, “ఆ పసివాణ్ణి ఎక్కడ పెట్టారో రాసుందా?” అని అడిగారు.

చోటు రాయలేదు, తేదీ ఒక్కటే ఉందని చెప్పాను. ఆ తేదీ కూడా రాసుకున్నారు.