చప్లీ కబాబ్ పెనం మీద విరగొద్దంటే

ఖీమాను వెడల్పుగా ఒత్తి వేయించే పెషావర్ పఠాన్ల చప్లీ కబాబ్ మన ఇళ్లల్లో చెడిపోయేది ఎక్కువగా తడి వల్లే. మాంసాన్ని ముక్కగా ఉన్నప్పుడే కడిగి, నీళ్లు పూర్తిగా ఓడ్చి, అప్పుడు ఖీమా కొట్టించండి. ఖీమా అయ్యాక కడిగితే ఆ నీళ్లు ఎంత పిండినా పోవు.

మేకదైనా పెద్దకూరైనా 500 గ్రాముల ఖీమాలో 100 గ్రాముల కొవ్వు ఉండాల్సిందే. కొవ్వు తీసేయిస్తే కబాబ్ చెక్కలా ఎండిపోతుంది. పెద్ద కన్నాల జాలీతో ఒక్కసారే తిప్పించండి. రెండోసారి తిప్పిస్తే షామీ కబాబ్‌కు పనికొచ్చే మెత్తని ముద్ద అవుతుంది.

ధనియాలు 2 పెద్ద చెంచాలు, జిలకర 1, ఎండు దానిమ్మ గింజలు 1. దోరగా వేయించి రోట్లో కచ్చాపచ్చాగా దంచాలి. ధనియా పలుకు పంటికి తగలకపోతే అది చప్లీయే కాదు. దానిమ్మ గింజలు దొరక్కపోతే అర చెంచా ఆమ్‌చూర్ (ఎండు మామిడి పొడి) వేయండి, నిమ్మరసం వద్దు. ఎండుమిర్చికి మన వరంగల్ చపాట భలే కుదురుతుంది: రంగెక్కువ, కారం తక్కువ. 2 చిన్న చెంచాల పలుకులు చాలు.

ఇక పట్టు ఇచ్చేది మక్క పిండి, 50 గ్రాములు. గిర్నీలో పట్టించిన పసుపుపచ్చ పిండే కావాలి. ప్యాకెట్లో తెల్లగా వచ్చే కార్న్‌ఫ్లోర్ ఒట్టి గంజిపొడి, కబాబ్‌ను సాగేలా చేస్తుంది. శనగపిండి వేస్తే బజ్జీ వాసన.

2 ఉల్లిగడ్డలు సన్నగా తరిగి, ఉప్పు రాసి, 10 నిమిషాలాగి గట్టిగా పిండండి. ఈ ఉల్లి, దంచిన మసాలా, మిర్చి పలుకులు, మక్క పిండి, అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర, ఒక గుడ్డు, చిన్న చెంచాతో చెంచాన్నర ఉప్పు (ఉల్లికి రాసినదీ ఇందులోదే) ఖీమాలో వేసి, చేతికి అంటుకునేదాకా 4 నిమిషాలు పిసకాలి. అర గంట ఫ్రిజ్‌లో పెట్టండి. గింజలు తీసిన టమాట ముక్కలు మాత్రం కాల్చే ముందే కలపాలి, ముందే వేస్తే నీరు వదులుతాయి.

చప్లీ పేరు చెప్పును బట్టి వచ్చిందనుకుంటారు గానీ, పష్తోలో బల్లపరుపు అనే అర్థమున్న మాట నుంచి వచ్చిందంటారు. అందుకే తడిచేత్తో అరచేయంత వెడల్పుగా, అంచులు పలచగా ఒత్తాలి. కాలాక ముడుచుకుంటుంది కాబట్టి కావాల్సినదానికన్నా పెద్దగానే చేయండి. పైన ఒక టమాట చక్రం అద్దండి.

పెషావర్‌లో కొవ్వు కరిగించి వేయిస్తారు. మనకు పల్లి నూనె సరిపోతుంది, ఇనుప పెనంలో అర అంగుళం లోతు. ముందు చిన్న ఉండ వేయించి రుచి చూడండి. విరిగితే ఇంకో చెంచా మక్క పిండి. కబాబ్ వేశాక 3 నిమిషాలు ముట్టుకోవద్దు, కింద పొర గట్టిపడితేనే అట్లకాడకు ఊడి వస్తుంది. ఒక్కసారే తిప్పి, ఇంకో 3 నిమిషాలు. నాన్‌తో, ఉల్లిగడ్డతో వేడివేడిగా పెట్టేయండి.