అమ్మ వేళ్లు ఆగిన చోట

ఆదివారం. పొద్దున్నే అమ్మ కొబ్బరినూనె గోరువెచ్చగా కాచి గిన్నెలో పోసుకొచ్చి, పీట వేసి కూర్చోమంది. పండగేమీ లేదు. ఊరి నుంచి వచ్చిన ప్రతిసారీ ఒక్కరోజైనా నా తలకి నూనె పెట్టకపోతే ఆమెకి తోచదు. పోయినసారి జలుబన్నాను, అంతకుముందు ఆఫీసు కాల్ ఉందన్నాను. ఇవాళ ఏ వంకా దొరకలేదు.

మాడు మీద నూనె పోసి అరచేత్తో అద్దుతూ మెల్లగా ముందుకి వచ్చింది. నుదుటి పైన, జుట్టు మొదలయ్యే చోటికి రాగానే వేళ్లు ఆగిపోయాయి. వెనక్కి వెళ్లి మళ్లీ అక్కడికే వచ్చి ఈసారి వేలికొసలతో తడిమింది. "ఏంట్రా ఇక్కడ ఇంత గరుకుగా ఉంది, పొక్కులా?" అంది. వేడి చేసిందేమోనమ్మా అన్నాను. అనగానే గొంతులో ఏదో అడ్డం పడినట్టయింది.

నిరుడు జుట్టు మార్పిడి ఆపరేషన్ చేయించుకున్న సంగతి అమ్మకి చెప్పలేదు. 2,400 గ్రాఫ్టులు, అంటే వెంట్రుకల చిన్న కుదుళ్లు. తల వెనక భాగం నుంచి ఒక్కొక్కటీ తీసి ముందు పెట్టారు. ఆ పదిహేను రోజులూ ట్రైనింగ్ మీద బెంగళూరులో ఉన్నానని చెప్పి, జుట్టు వస్తుంటే మందులు వాడుతున్నానని చెప్పాను. పది రోజులకి పక్కులు రాలిపోయాయి, నెల తిరిగేసరికి పెట్టిన వెంట్రుకలూ చాలావరకు రాలాయి. అది మామూలేనని ముందే చెప్పారు కాబట్టి భయపడలేదు. నాలుగో నెలలో కొత్తవి మొలవడం మొదలైనప్పుడు వాటితోపాటు చిన్న చిన్న మొటిమల్లాంటివి వచ్చాయి, వేలికి తగిలే ఆ గరుకు వాటిదే అనుకున్నాను. మొటిమలు తగ్గిపోయాయి కానీ గరుకు మాత్రం పోలేదు.

బాత్రూమ్ అద్దంలో ఏమీ కనిపించదు. ఆఫీసు లిఫ్టులో నడినెత్తి మీద లైటు పడుతుంది చూడండి, మొదటిసారి అక్కడ చూశాను. చర్మం కింద బొంబాయి రవ్వ చల్లినట్టు వరసగా బుడిపెలు, ఎడమ కణత దగ్గర మాత్రం తిరగబడి సన్నటి గుంటలు, ఒక్కో గుంటలోంచి ఒక్కో వెంట్రుక. ఆ రోజు మధ్యాహ్నం మీటింగులో ఎవరేం మాట్లాడారో నాకు గుర్తులేదు.

చేసినచోట అడిగితే "జుట్టు బాగా వచ్చింది కదా సార్, ఇంకేంటి" అన్నారు. నాకు బాగా కోపం వచ్చింది ఆ మాటకే. జుట్టు వచ్చింది, కాదనను. నేను అడుగుతున్నది చర్మం గురించి. చివరికి వేరే స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ చిన్న భూతద్దం లాంటి పరికరం తల మీద ఆనించి ఓపిగ్గా అంతా చూసి, కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. గ్రాఫ్ట్ అంటే వెంట్రుక ఒక్కటే కాదు, ఒకటి నుంచి నాలుగు వెంట్రుకల దాకా ఉండే చిన్న కుదురు, దాని చుట్టూ పిసరంత చర్మం కూడా వస్తుంది. దాన్ని పెట్టే గాటు లోతు సరిపోకపోయినా, గ్రాఫ్ట్ చుట్టూ చర్మం ఎక్కువ మిగిల్చినా, అది పైకి పొడుచుకొచ్చినట్టు ఉండి అలాగే మానిపోతుంది, అది బుడిపె. మరీ లోతుకి నెట్టేస్తే పైన చర్మం లోపలికి లాగి మానుతుంది, అది గుంట. బుడిపెలకి కాబుల్‌స్టోనింగ్ అని పేరట, రాళ్లు పరిచిన వీధిలా ఉంటుందని. వెనక వైపు కూడా చూశారు, తీసినచోట్ల తెల్లటి చుక్కలున్నాయి. అవి అందరికీ ఎంతో కొంత ఉంటాయి, సెలూన్‌లో మెషీన్ మరీ పొట్టిగా పెట్టించుకోకపోతే కనపడవు అన్నారు.

ఇప్పుడే ఏమీ చేయొద్దన్నారు. ఏడాది, ఒక్కోసారి ఏడాదిన్నర దాకా మచ్చ మెత్తబడుతూనే ఉంటుంది, కొన్ని బుడిపెలు వాటంతటవే అణుగుతాయి. తగ్గకపోతే లేజర్ ఉంది, మరీ లేచినవాటికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఉంది కానీ తొందరపడి ఇస్తే అక్కడ చర్మం పల్చబడి కొత్త గుంట పడొచ్చు. గుంటలు వాటంతటవి పూడవు, చుట్టూ జుట్టు ఒత్తుగా ఉంటే కనపడకుండా పోతాయి, అంతే. ఇంత నిజం ఆపరేషన్‌కి ముందు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదని ఇంటికొచ్చేదాకా అనుకుంటూనే ఉన్నాను.

ఆపరేషన్ రోజు సంగతి తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. డాక్టర్ వచ్చి పెన్నుతో లైను గీసి, మత్తు ఇచ్చి, కాసేపు ఉండి వెళ్లిపోయారు. మిగతా ఆరేడు గంటలూ పని చేసినవాళ్లెవరో, ఏం చదివారో నేను అడగలేదు. జుట్టు మార్పిడి సరైన శిక్షణ పొందిన డాక్టరే చేయాలని, వర్క్‌షాపులోనో యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకున్నది శిక్షణ కిందికి రాదని 2022లోనే జాతీయ వైద్య కమిషన్ చెప్పింది. నేను అది చదివింది ఆపరేషన్ అయిన ఆరు నెలలకి. ఎన్ని గ్రాఫ్టులు, గ్రాఫ్టుకి ఎంత, ఇవే నాలుగుచోట్ల తిరిగి అడిగాను. గాట్లు ఎవరు పెడతారు, గ్రాఫ్టులు ఎవరు కూర్చోబెడతారు, చర్మం ఎలా మానుతుంది, మీరు చేసినవాళ్ల తల ఒకసారి దగ్గరనుంచి చూపిస్తారా అని ఒక్కచోట కూడా అడగలేదు.

అమ్మ నూనె పెట్టడం ఆపలేదు. "జుట్టు ఒత్తుగా వచ్చిందిరా, పాప పుట్టినప్పుడు నీ తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నా. దసరా సెలవుల్లో తిరుపతి పోదాం" అంది.

ఇక నావల్ల కాలేదు. కళ్యాణకట్ట మెట్ల మీద గుండుతో, ఎండలో, ఆ బుడిపెలన్నీ అమ్మ కళ్ల ముందు బయటపడటం ఒక్కసారిగా కనిపించింది. పీట మీద అటు తిరిగే కూర్చుని మొత్తం చెప్పేశాను. డబ్బు ఎంతయిందో కూడా చెప్పాను. అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత వెనక తల మీద చెయ్యి వేసి "ఇక్కడ్నుంచేనా తీసింది? నొప్పి పుట్టిందా? ఎవరున్నారు నీ పక్కన?" అంది. ఎవరూ లేరమ్మా అన్నాను. ఆ చివరిదానికి ఆమెకి ఏడుపొచ్చింది.

కుంకుడురసంతో తలంటేటప్పుడు ముందు భాగం మాత్రం తనే వద్దనుకుని నాకే వదిలేసింది.

వచ్చే నెల స్కిన్ డాక్టర్ దగ్గరికి తనూ వస్తానంది. అన్నం తిన్నాక పెన్నూ కాగితం తెచ్చి నా ముందు పెట్టి, ఆవిణ్ణి అడగాల్సినవి చెబుతా రాయమంది. మొదటిది, గుండు చేయిస్తే ఆ పెట్టిన వెంట్రుకలు మళ్లీ వస్తాయా అని. వస్తాయమ్మా, కత్తి కుదురు దాకా వెళ్లదు కదా అన్నాను. అయినా రాయమంది. రాశాను.