ఖర్చు పెరిగితే ఆర్థిక వ్యవస్థ బాగున్నట్టేనా? మెయిన్స్ ఎకానమీ పేపరులో నేను దిద్దుకున్న తప్పు

గుంటూరు బ్రాడీపేటలో ముగ్గురం కలిసి గది తీసుకుని గ్రూప్-1 మెయిన్స్‌కు చదువుతున్న రోజుల్లో, వినియోగ వ్యయ ధోరణులు ఆర్థిక వ్యవస్థ స్థితిని ఎంతవరకు సూచిస్తాయన్న 10 మార్కుల ప్రశ్నకు ఒక మాదిరి పరీక్షలో నాకు 3 మార్కులు వచ్చాయి. జీడీపీలో ప్రైవేటు తుది వినియోగ వ్యయం (ప్రధానంగా కుటుంబాలు వస్తువుల మీద, సేవల మీద పెట్టే ఖర్చు) వాటా సుమారు 60 శాతమనీ, కాబట్టి జనం ఖర్చు పెరగడమంటే ఆర్థిక వ్యవస్థ పుంజుకోవడమేననీ రెండు పేజీలు నింపాను. పేపరు దిద్దిన సారు అంచున ఒకే ప్రశ్న రాశారు: "అప్పు చేసి పెట్టినా ఖర్చే కదా?"

ఆ ప్రశ్న వెంట పోతే మొదట మా గది ఖర్చుల పుస్తకమే గుర్తుకొచ్చింది. 2023 జులైలో టమాటా ధర మండిపోయి, రైతు బజారులో ప్రభుత్వం కిలో 50 రూపాయలకు అమ్మించిన టమాటాల కోసం వరుసలో నిలబడిన నెలలో, మా కూరగాయల ఖర్చు అంతకుముందు నెలకంటే ఎక్కువ తేలింది గాని, వండుకున్నది తక్కువే. పప్పును చింతపండుతో సరిపెట్టుకున్న రోజులే ఎక్కువ. జాతీయ గణాంకాలనూ ఇదే కంటితో చూడాలని అప్పుడు అర్థమైంది. గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం గ్రామీణ ప్రాంతాల్లో నెలసరి తలసరి వ్యయం 2011-12లో 1,430 రూపాయలుండగా 2022-23లో 3,773కు చేరింది, అంటే రెండున్నర రెట్లు దాటింది. కానీ ధరల పెరుగుదలను తీసేసి, 2011-12 ధరల్లో లెక్కిస్తే అది 2,008 రూపాయలే, అంటే పదకొండేళ్లలో పెరుగుదల 40 శాతం మాత్రమే. ఈ రెండు అంకెలను పక్కపక్కన రాయని జవాబు సగం జవాబేనని నా అభిప్రాయం. (2017-18 సర్వే నివేదికను ప్రభుత్వం విడుదల చేయకపోవడం వల్లే ఈ పోలికకు అంత పాత సంవత్సరం దాకా వెళ్లాల్సి వస్తోంది.)

ఎంత ఖర్చన్నది తేలాక, దేనిమీద అన్నది చూడాలి. ఆదాయం పెరిగేకొద్దీ మొత్తం ఖర్చులో ఆహారం వాటా తగ్గుతుందన్న ఎంగెల్ సూత్రాన్ని అందరం బట్టీ పట్టినవాళ్లమే. గ్రామాల్లో ఆ వాటా 2011-12లో దాదాపు 53 శాతం నుంచి 2022-23లో 46.38కి దిగడం సూత్రానికి సరిపోయింది. మరుసటి ఏడాదే 47.04కి ఎక్కింది. నేను ఈ చివరి అంకెను ఇబ్బందిగా భావించి వదిలేసేవాణ్ణి, అది పొరపాటు. ఆహార ధరల ఒత్తిడిని గురించి రాయడానికి అంతకంటే మంచి ఆధారం దొరకదు.

ఇక సారు అడిగిన అప్పు సంగతి. కుటుంబాల నికర ఆర్థిక పొదుపు, అంటే డిపాజిట్ల వంటి పొదుపులోంచి కొత్తగా చేసిన అప్పులు తీసేయగా మిగిలింది, 2020-21లో జీడీపీలో 11 శాతం పైన ఉండి, 2022-23 నాటికి 5 శాతం దగ్గరికి వచ్చింది. కోవిడ్ కాలంలో ఖర్చుకు దారిలేక మిగిలిన డబ్బు మొదటి అంకెను పెంచిందన్నది నిజమే. అయినా ఖర్చు పెరుగుతూ పొదుపు తగ్గుతూ, అప్పు పెరుగుతూ ఉంటే దాన్ని ఆరోగ్యమని అనలేము. స్థానిక ఉదాహరణకు మిర్చి యార్డు చాలు: 2025 ఆరంభంలో ధర పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం (ధర పడిపోయినప్పుడు రైతును ఆదుకునే పథకం) కింద క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చినప్పుడు, పంట అమ్మి బైకు కొందామనుకున్న రైతు ఆ కొనుగోలును వాయిదా వేసుకుంటాడు గాని బియ్యం, మందులు కొనడం మానడు. అందుకే గ్రామీణ గిరాకీని అంచనా వేసేవారు ద్విచక్ర వాహనాల అమ్మకాలను అంతగా గమనిస్తారు.

ఇదే ప్రశ్నను మళ్లీ రాస్తే 6 మార్కులు వచ్చాయి. ఈసారి అంచున "రాష్ట్రం ఏది?" అని ఉంది. 2022-23లో ఆంధ్రప్రదేశ్‌లో తలసరి నెలసరి వ్యయం గ్రామాల్లో 4,870 రూపాయలు, పట్టణాల్లో 6,782. అదే ఏడాది పట్టణాల జాతీయ సగటు 6,459. గ్రామీణ అంకె జాతీయ సగటుకంటే వెయ్యికి పైగా ఎక్కువ, పట్టణ అంకె మూడు వందలే ఎక్కువ. ఆ తేడా ఎందుకో రాయడానికి ఇప్పుడు నోట్సులో రెండు పేజీలు ఖాళీగా ఉంచుకున్నాను.