పిడికెడు బియ్యం: డబ్బా పంచడం తేలిక, నింపించడమే పని

ఎసట్లో పోసే బియ్యంలోంచి రోజూ ఒక పిడికెడు తీసి పక్కన పెట్టడం మన ఇళ్లలో కొత్తేమీ కాదు. కంచి పరమాచార్య చెప్పిన పిడి అరిసి (పిడికెడు బియ్యం) పథకం తమిళనాడు సరిహద్దులో ఉన్న మన చిత్తూరు, తిరుపతి వాళ్లకు విన్నదే. ఒంటరి ముసలివాళ్ల కోసం ఒక వీధిలో దీన్ని మొదలుపెట్టాలనుకునే సంఘాలకు కొన్ని లెక్కలు, కొన్ని జాగ్రత్తలు.

ఆడవాళ్ల పిడికిలికి 40-45 గ్రాములు పడతాయి. నెలకు ఇంటికి సుమారు కిలోంబావు. 40 ఇళ్లకు డబ్బాలిస్తే 50 కిలోలు రావాలి, కానీ రావు. ఊరెళ్లినవాళ్లు, మరిచిపోయినవాళ్లు ఉంటారు. సగమే వస్తాయనుకుని, మనిషికి 4 కిలోల చొప్పున ఆరుగురితో మొదలుపెట్టండి. ఇరవైమందికి మాటిచ్చి మూడో నెలలో చేతులెత్తేస్తే ఆ వీధిలో మళ్లీ తలెత్తుకోలేరు.

డబ్బా రెండు కిలోలు పట్టేదై, లోపల ఎంతుందో బయటికి కనపడాలి. బియ్యం కడగకముందే, పొడి చేత్తో వేయమని చెప్పాలి. తడి తగిలితే ఉండకట్టి ముక్కవాసన వస్తుంది. డబ్బా ఇచ్చేది టీషర్టు వేసుకున్న కుర్రాడు కాకుండా ఆ వీధిలోనే ఉండే ఒక అక్క అయితే మేలు. పదిహేను ఇళ్లకు ఒకరు చాలు. యూనివర్సిటీ పిల్లలు హుషారుగా వస్తారు, పరీక్షలప్పుడు కనపడరు. వాళ్లను మూటలు మోయడానికి పెట్టుకోండి, డబ్బాలు తేవడానికి వద్దు.

వసూలు రోజు దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. శుక్రవారం బియ్యం బయటికివ్వరు. దీపాలు పెట్టాక ఏ రోజైనా ఇవ్వరు. మొహమాటానికి ఇచ్చినా తర్వాతి నెల తలుపు తీయరు. నెలలో రెండో ఆదివారం, పొద్దున 10 లోపు అని పెట్టుకుంటే గొడవ లేదు. మైల ఉన్న ఇంటిని అడక్కుండా దాటిపోవాలి. తూకం ఆ ఇంటావిడ ఎదురుగానే వేసి పుస్తకంలో రాయండి, పైకి మాత్రం చదవొద్దు. 'పక్కింట్లో కిలోన్నరంట' అన్న మాట చాలు, మనసులు నొచ్చుకోవడానికి. వాట్సాప్ గ్రూపులో వీధి మొత్తం ఎంతన్నది ఒక్కటే పెట్టాలి.

వచ్చిన బియ్యాన్ని ఒకే గోతంలో గుమ్మరించకండి. పాతబియ్యం ఉడికేలోగా కొత్తబియ్యం ముద్దవుతుంది. ఉప్పుడు బియ్యమైతే ఇంకా పలుకుగానే ఉంటుంది. పళ్లు లేని అవ్వ ఆ అన్నం తినలేదు. పాతవి, కొత్తవి, ఉప్పుడువి మూడు గోతాలు పెట్టుకోవాలి. రేషన్ బియ్యం వేస్తే మర్యాదగా వద్దనండి. ఆటోలో రేషన్ బియ్యం దొరికితే తనిఖీ వాళ్లకు జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. పైగా అందులో కలిపిన బలవర్ధక గింజలను చూసి 'ప్లాస్టిక్ బియ్యం' అని ఏరి పారేసేవాళ్లు ఇంకా ఉన్నారు.

అసలు సంగతి ఇంకొకటుంది. కార్డున్నవాళ్లకు 2023 జనవరి నుంచి తలకు 5 కిలోలు ఉచితంగానే వస్తున్నాయి. తిరుపతి అంటే కొండమీదా కిందా అన్నదానాలు జరిగే ఊరు, నడవగలిగినవాడు పస్తుండడు. జీవకోనలాంటి పేటలోనో కొర్లగుంటలోనో మంచం దిగలేని మనిషికే కష్టం. అందుకే 4 కిలోల బియ్యంతోపాటు కిలో కందిపప్పు, లీటరు నూనె ఉండాలి. కార్డులేని మనిషి కనిపిస్తే బియ్యం ఇచ్చి వచ్చేయకుండా వార్డు సచివాలయానికి తీసుకెళ్లండి. అరిగిపోయిన వేళ్లకు వేలిముద్ర పడకపోతే కంటిపాపతో ప్రయత్నించమని అడగండి. రుయా, స్విమ్స్ ఆసుపత్రుల దగ్గర రోగుల వెంట ఉండేవాళ్లకు బియ్యం ఎందుకూ పనికిరావు, వాళ్ల దగ్గర పొయ్యి ఉండదు కదా.

పప్పు, నూనెకు డబ్బు కావాలి. నెలకు వంద రూపాయలు అడిగితే కాదనేవాళ్లు తక్కువ. దాతలకు పన్ను మినహాయింపునిచ్చే 80జీ గుర్తింపు ఉన్న సంస్థలైతే, 2,000 దాటిన నగదుకు దాతకు పన్ను మినహాయింపు రాదని ముందే చెప్పాలి. పాన్ నంబరు డబ్బు తీసుకున్న రోజే రాసుకోవాలి. దాతల వివరాలు ఆదాయపు పన్ను శాఖకిచ్చే ఫారం కోసం గడువుకు ముందు వందమందికి ఫోన్లు చేయడం నరకం. దాతలు ఫొటోలు అడుగుతారు. గోతాలు, తూకం, లెక్కపుస్తకం తీసి పంపండి. మూట పట్టుకున్న అవ్వ మొహం ఎందుకు?

పథకం ఆగిపోయేది ఎక్కువగా పెరటాసి (సెప్టెంబరు-అక్టోబరు) నెలలో. బ్రహ్మోత్సవాల సేవకని అందరూ కొండెక్కేస్తారు, ఆ నెల డబ్బా తేవడానికి ఎవరూ పోరు. నిండిన డబ్బా రెండు వారాలు చూస్తుంది, తర్వాత ఆ బియ్యం ఆ ఇంటి ఎసట్లోకే పోతాయి, డబ్బాలోకి ఎండుమిరపకాయలు చేరతాయి. ఆ నెలకు ఇంకో మనిషిని ఆగస్టులోనే మాట్లాడి పెట్టుకోవాలి. డబ్బా అక్కడికక్కడ ఖాళీ చేసి ఇచ్చేయకుండా, ఎండలో పెట్టిన ఇంకో డబ్బా ఇచ్చి పాతది తీసుకురండి. అడుగున మిగిలిన నూకలోనే పురుగు మొదలవుతుంది.